ఎడమ వైపు

ఆ చలికాలం మొదట్లో, ఒక సోమవారం పొద్దున ఆరున్నరకి, మా చెల్లెలి కార్డుకి క్లబ్బు తలుపు తెరుచుకోలేదు. మూడుసార్లు గీసింది. మూడుసార్లూ ఎర్ర లైటే వెలిగింది. కార్డుకి తడి తగిలిందేమోనని చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ గీసింది. అప్పుడు లోపల్నుంచి వాచ్‌మన్ వచ్చాడు. తొమ్మిదేళ్లుగా ఆమె బ్యాగు కనిపించగానే తలుపు తీసి నవ్వే మనిషి. ఆవేళ తలుపు తియ్యలేదు. అద్దం అవతలే నిలబడి, గుమ్మం పక్కనున్న అట్టపెట్టె వైపు గడ్డంతో చూపించాడు. పెట్టెలో రెండు జతల బూట్లు, మోకాలి పట్టీలు, సగం అయిన షాంపూ సీసా, తువ్వాలు. అన్నిటికీ పైన ఒక కవరు.

ఆ పెట్టె చంకలో పెట్టుకుని నేరుగా నా దగ్గరికొచ్చింది.

నేను ఫిజియోథెరపిస్టుని. పెద్దాసుపత్రి వెనక వీధిలో రెండు గదుల క్లినిక్కు నాది. పట్టేసిన మెడలు, వంగని నడుములు, ఆటల్లో తెగిన మోకాళ్ళు, అన్నీ వస్తాయి. ఆ రోజుల్లో నా చేతికింద ఉన్న మోకాళ్ళన్నిట్లోకీ నాకు ముఖ్యమైంది మా చెల్లెలి ఎడమ మోకాలు. అంతకుముందు సీజను ఆఖరి మ్యాచిలో పైకెగిరి కిందికి దిగేటప్పుడు లోపల లిగమెంటు తెగింది. ఆపరేషనై అప్పటికి ఏడు నెలలు.

చెల్లెల్ని అందరూ బుడ్డి అంటారు. ఏడో నెలలోనే పుట్టి అరచేతిలో పట్టేంత ఉండేదట. అమ్మ పెట్టిన ముద్దుపేరు. తర్వాత మనిషి ఆరడుగుల ఒక అంగుళం పెరిగింది కానీ పేరు పెరగలేదు. హాలంతా "బుడ్డీ, బుడ్డీ" అని ఊగిపోతుంటే, కొత్తగా ఆట చూడ్డానికొచ్చినవాళ్ళు కోర్టులో పొట్టిపిల్ల కోసం వెతుక్కునేవాళ్ళు. ఆ క్లబ్బుకి తొమ్మిదేళ్లు బాస్కెట్‌బాల్ ఆడింది. నాలుగు కప్పులు తెచ్చింది. ఆఖరి ఐదేళ్లూ కెప్టెను.

ఆ క్లబ్బు కోచ్ మా ఆయన. బుడ్డి ఆట చూడ్డానికి వెళ్ళే నన్ను చూసి, ఒక సీజనంతా ఏదో వంకతో పలకరించి, చివరికి పెళ్ళి చేసుకున్నారు. ఎనిమిదేళ్లయింది.

బుడ్డి పెట్టెని ట్రీట్‌మెంట్ బల్ల మీద పెట్టి, కవరులో కాగితం తీసి నా చేతికిచ్చింది.

"చదువు."

నాలుగే లైన్లు. క్లబ్బు ఆమె సేవలకి కృతజ్ఞతలు చెప్పుకుంటోంది. చికిత్స చేస్తున్న ఫిజియోథెరపిస్టు అభిప్రాయం ప్రకారం ఎడమ మోకాలు ఇక పోటీ ఆటకి పనికిరాదని కోచ్ తెలియజేసినందువల్ల ఒప్పందం ఇంతటితో ముగిస్తోంది.

చికిత్స చేస్తున్న ఫిజియోథెరపిస్టుని నేను.

"నువ్వన్నావా అక్కా?"

"అనలేదు."

"నిజం చెప్పు."

"అనలేదే. ఇంకో రెండు మూడు నెలలు పడుతుందన్నాను. ఇంట్లో, భోజనం దగ్గర, ఆయనడిగితే. అంతవరకే అన్నాను."

నా ముఖంలోకి చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. తర్వాత బూట్లు విప్పి, బల్లెక్కి, కాలు చాపింది.

"సరే, మొదలుపెట్టు. ఇవాళ ఎంతవరకు వంచాలి?"

ఆ సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చేసరికి ఆ కాగితం వంటింటి బల్ల మీద పెట్టి ఉంచాను. చూశారు. బ్యాగు దించి, చేతులు కడుక్కుని, నెమ్మదిగా కుర్చీ లాక్కున్నారు.

"నేనే ముందు చెబుదామనుకున్నాను. ఎలా చెప్పాలో తోచలేదు."

"మోకాలు పనికిరాదని నేనెప్పుడన్నానండీ?"

"టైము పడుతుందన్నావుగా."

"టైము పడుతుందన్నాను. పనికిరాదనలేదు."

"క్లబ్బుకి రెండూ ఒకటే." గ్లాసులో నీళ్ళు పోసుకున్నారు. "చూడు, చైర్మన్‌గారు ఇద్దరు కొత్తవాళ్ళని తెచ్చుకోమన్నారు. వాళ్ళకి జాగా కావాలి. ఈసారి కప్పు రాకపోతే ముందు పోయేది నా ఉద్యోగం. బుడ్డికి ఎలాగూ ముప్పై దగ్గరపడుతోంది. ఎవరో ఒకరు చెప్పాల్సిన మాటే కదా."

"మరి మీ మాటగా చెప్పకపోయారా. నా నోట్లో పెట్టడం దేనికి?"

"నేను చెబితే సొంత మరదల్ని గెంటేశాడంటారు. వైద్యం చేసేవాళ్ళ మాటైతే ఎవరూ నోరెత్తరు."

కోర్టులో ఒక మంచి ఎత్తు వివరించినట్టే చెప్పారు. కాస్త గర్వం కూడా ఉంది ఆ గొంతులో. నాకు అప్పుడు కోపం రాలేదు. రావడానికి వారం పట్టింది. వచ్చాక మాత్రం పోలేదు.

ఆ ఇంట్లోనే ఎందుకున్నావని తర్వాత నన్ను చాలామంది అడిగారు. ఎనిమిదేళ్ల అలవాటు ఒక్క సాయంత్రంలో ఊడిరాదు. ఒకే అలారానికి లేచేవాళ్ళం, ఒకే కారులో బయల్దేరేవాళ్ళం. పొద్దున లేచి చూస్తే ఆయన పక్కనే నిద్రపోతూ ఉండేవారు, ఏమీ జరగనట్టు. నేనూ లేచి స్టవ్ వెలిగించేదాన్ని, ఏమీ జరగనట్టు.

పేరున్న క్లబ్బులేవీ బుడ్డిని తీసుకోలేదు. పనికిరాదన్న మాట ఊరంతా పాకింది. అందులోనూ సొంత అక్కే అన్న మాట. ఆ మాట నాది కాదని ముగ్గురు మేనేజర్లకి ఫోన్ చేసి చెప్పాను. ముగ్గురూ "అలాగేనండీ, తప్పకుండానండీ" అన్నారు, చెల్లెల్ని కాపాడుకోడానికి తంటాలు పడుతోంది పాపం అన్న గొంతుతో.

చివరికి తీసుకున్నది నీళ్ళ సప్లయి ఆఫీసు జట్టు. లీగులో పది జట్లుంటే వాళ్ళది పదోది. అందరూ వాళ్ళని "పైపులు" అనేవాళ్ళు. కెప్టెన్ ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసే మనిషి. ఇంకొకామె బిల్లుల కౌంటర్లో కూర్చుంటుంది. డ్యూటీ అయ్యాక ఐదున్నరకి పంపుహౌసు పక్క షెడ్డులో ప్రాక్టీసు. వాన పడితే కప్పు కారేది. నీళ్ళ ఆఫీసువాళ్ళకి నీళ్ళు ఆపడం రాదని వాళ్ళమీద వాళ్ళే జోకులేసుకుని, బకెట్లు పెట్టి ఆడేవాళ్ళు. వాళ్ళ కోచ్ రిటైరైన లెక్కల టీచరమ్మ. కళ్ళజోడు తాడుకి కట్టి మెడలో వేసుకునేది. విజిల్ ఊదదు, చప్పట్లు కొడుతుంది.

మొదటిరోజు నేనూ వెళ్ళాను. టీచరమ్మ బుడ్డిని పైనుంచి కిందిదాకా చూసింది.

"మోకాలు తగ్గిందా?"

"ఇంకో రెండు నెలలు."

"కోపం?"

"అది తగ్గేది కాదు టీచర్."

"దాన్నలాగే ఉండనీ. పనికొస్తుంది." ఒక పాత నోటుపుస్తకం తీసింది. "పోయిన మూడేళ్ల నీ మ్యాచులన్నీ చూశాను. రింగు వైపు దూసుకెళ్ళాల్సి వచ్చినప్పుడు వందలో తొంభైమూడుసార్లు కుడి వైపే వెళ్ళావు. ఎందుకని?"

"ఎడమ వైపు అవసరం రాలేదు."

"ఇప్పుడొస్తుంది. కుడి వైపుకి వెళ్ళాలంటే ఎడమ కాలితో నేలని తన్నాలి. ఆ కాలికి నమ్మకం లేదు. ఎడమ వైపుకి వెళ్ళాలంటే కుడి కాలితో తన్నాలి. అది ఉక్కు ముక్కలా ఉంది. అంతేనా ఫిజియోగారూ?"

అంతేనన్నాను. అంత తేలిగ్గా అప్పటిదాకా నేనే ఎవరికీ చెప్పలేకపోయాను.

ఆ రోజునుంచి బుడ్డి కుడిచేతిని స్కార్ఫుతో నడుముకి కట్టేసేది టీచరమ్మ. ఎడమచేత్తోనే బంతి కొట్టాలి, ఎడమచేత్తోనే వెయ్యాలి. దేశం తరఫున ఆడిన మనిషి చిన్నపిల్లలా బంతి జారవిడుస్తుంటే మీటర్లు చూసే కెప్టెన్ పరుగెత్తి తెచ్చిచ్చేది. ఎవరూ నవ్వలేదు. నవ్వే ధైర్యం లేదో, మర్యాదో నాకు తెలియదు. పొద్దున్నపూట పేషెంట్లు రాకముందు నా క్లినిక్కులో కాలి వ్యాయామం. పదిహేనుసార్లు చాలు అంటే ఇరవై చేసేది. ఎందుకే అంటే, "ఆ పై ఐదూ బావకి" అనేది.

అమ్మ బుడ్డి దగ్గరే ఉంటుంది. అమ్మకి ఆట తెలియదు గానీ కూతురికి జరిగింది మాత్రం బాగా తెలుసు. మా ఆయన ఎప్పుడైనా ఫోన్ చేస్తే, "అల్లుడుగారూ, కులాసానా? ఒంట్లో బాగుంటోందా? మోకాళ్ళ నొప్పులేమీ లేవు కదా?" అని తేనె పూసినట్టు అడిగేది. ఆయన రెండుసార్లు చేసి మానుకున్నారు.

సీజను మొదలైన ఆరోవారం పైపులకీ మా ఆయన క్లబ్బుకీ లీగు మ్యాచి పడింది. బుడ్డికి నేనింకా అనుమతి ఇవ్వలేదు. బెంచి మీద కూర్చుంది. ఆమె పాత నంబరు చొక్కా వేసుకుని కొత్తగా వచ్చిన పిల్లొకతె ఆడింది. ముప్పై ఎనిమిది పాయింట్ల తేడాతో పైపులు ఓడిపోయారు.

అంతా అయ్యాక మా ఆయన పైపుల బెంచి దగ్గరికి నడిచి వచ్చారు. నేను వెనక వరసలోనే ఉన్నాను. బుడ్డి భుజం మీద చెయ్యి వేశారు.

"తొందరపడకు బుడ్డీ. నీకింకా బోలెడు జీవితం ఉంది. పిల్లలకి కోచింగ్ మొదలుపెట్టు. నేనే నలుగురికి చెబుతాను."

బుడ్డి ఆ చేతివైపు చూసింది, తర్వాత ఆయన ముఖం వైపు.

"అలాగే సార్."

పెళ్ళైనప్పటినుంచీ ఆయన్ని బావా అని తప్ప పిలవలేదు. కోర్టులో కూడా. ఆయన చెయ్యి తీసేశారు.

బస్సులో తిరిగి వెళ్ళేటప్పుడు నా పక్కన కూర్చుని, కిటికీలోంచి చూస్తూ అంది. "నాకు కప్పు వద్దక్కా. ఆ మనిషి మీద ఒక్క మ్యాచి కావాలి. ఒక్కటే."

పదోవారం నేను అనుమతి ఇచ్చాను. మొదట పది నిమిషాలు, తర్వాత పదిహేను, తర్వాత ఇరవై. బుడ్డి దూరంగా నిలబడి వేసేది, లేకపోతే పాసిచ్చేది. లోపలికి దూసుకెళ్ళేది కాదు. ఎడమచేతిని మ్యాచిలో బయటపెట్టొద్దని టీచరమ్మ గట్టిగా చెప్పింది. "పరీక్షకి ముందే ఎవరైనా జవాబులు గోడకి అంటిస్తారా?" అంది. అలా నిలబడి ఆడినా బుడ్డి బుడ్డే. పక్కన ఆమె ఉంటే కౌంటరామె కూడా బాస్కెట్లు వేసింది. పదో స్థానం నుంచి ఎనిమిది, ఆరు, చివరి వారానికి నాలుగు. పత్రికలవాళ్ళు వచ్చి, పాత క్లబ్బు గురించి ఏమంటారని అడిగితే, "మంచి క్లబ్బండీ" అనేది. పళ్ళు కనిపించేలా నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకే భయం వేసేది.

మొదటి స్థానంలో ఉన్నవాళ్ళకీ నాలుగో స్థానంలో ఉన్నవాళ్ళకీ సెమీఫైనల్. మొదటి స్థానంలో ఉన్నది మా ఆయన జట్టు.

మ్యాచికి నాలుగు రోజుల ముందు సాయంత్రం. మా ఆయన వంటింటి బల్ల మీద సీసా మూతలు పరిచారు. ఐదు తెల్లవి ఆయనవి, ఐదు ఎర్రవి పైపులవి. ఎప్పుడూ అలాగే ఆలోచిస్తారు. నేను గిన్నెలు తుడుస్తున్నాను. ఒక ఎర్ర మూతని వేలితో అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు కూర్చున్నారు.

"అది లోపలికి రావట్లేదేమిటి?" అన్నారు, మూతతో అన్నట్టు. తర్వాత తల తిప్పారు. "నీకు తెలుస్తుంది కదా. ఏ వైపు ఇబ్బంది?"

మా వృత్తిలో పేషెంటు ఒంటి సంగతి మూడో మనిషికి చెప్పకూడదు. ఆయనకీ తెలుసు. ఎనిమిదేళ్లలో అలా సూటిగా ఎప్పుడూ అడగలేదు. భోజనం దగ్గర మాటల్లో లాగడమే తప్ప. ఇప్పుడు అడిగారంటే భయపడ్డారన్నమాట. అది చూడగానే నాకు లోపల చల్లగా ఏదో పాకింది. కోపం కాదు. కోపమైతే వేడిగా ఉంటుంది.

నిజం చెప్పకూడదని మా పుస్తకాల్లో ఉంది. అబద్ధం గురించి ఏ పుస్తకంలోనూ రాయలేదు.

"ఏ వైపు ఏమిటండీ, ఎడమే కదా," అన్నాను. చేతిలో గిన్నె అలాగే తుడుస్తూ ఉన్నాను. "ఎడమ మోకాలు. ఆ వైపు ఒరిగిందంటే బరువు ఆగదు. నాలుగుసార్లు తిరిగితే ఐదోసారి కాలు పట్టుతప్పుతుంది. కుడి వైపుకి పరవాలేదు."

ఆయన తల ఊపారు. తెల్ల మూతని తీసి ఎర్ర మూతకి కుడివైపు పెట్టారు. ఎడమవైపు ఖాళీ వదిలేశారు.

"అంటే అటే తోలాలి," అన్నారు.

"నాకేం తెలుసు. ఆట మీది," అన్నాను.

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. బుడ్డికి కూడా. మరునాడు క్లినిక్కులో ఆమె కాలు ఒత్తుతూ ఒకసారి చెబుదామనుకుని, మళ్ళీ నోరు మూసుకున్నాను.

సెమీఫైనల్ రోజు హాల్లో కాలు పెట్టే చోటు లేదు. నీళ్ళ ఆఫీసు మొత్తం సెలవు పెట్టి వచ్చినట్టుంది. అమ్మ నా పక్కన కూర్చుంది. ఎవరు బంతి వేసినా "మనదేనా?" అని అడుగుతోంది.

బుడ్డిని కాపలా కాయడానికి మా ఆయన తన జట్టులో అందరికంటే చురుకైన పిల్లని పెట్టారు. ఆ పిల్లకి కాపలా కాయడం నేర్పింది బుడ్డే. ఆట మొదలవగానే ఆ పిల్ల వచ్చి బుడ్డి కుడి భుజానికి అంటుకుని నిలబడింది. కుడివైపు గోడ. ఎడమవైపు బారెడు ఖాళీ. సీసా మూతలు ఎలా ఉన్నాయో అలాగే.

బుడ్డి ఆ ఖాళీ చూసింది. ఒక క్షణం బంతి అలాగే కొడుతూ ఆగింది. ఎవరైనా ఇంత తేలిగ్గా దారిస్తారా అన్నట్టు. తర్వాత టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మ ఒక్క చప్పట కొట్టింది.

బుడ్డి కుడికాలితో నేలని తన్ని ఎడమవైపు వెళ్ళింది. వెళ్ళడం కాదు, మాయమై రింగు కింద తేలింది. ఎడమచేత్తో బంతిని రింగు వెనకున్న అద్దానికి ఆనించి లోపల వేసి వచ్చింది. హాలంతా లేచింది.

"మనదేనా?" అంది అమ్మ.

"మనదే."

మళ్ళీ అదే వైపు. మళ్ళీ. నాలుగోసారి అయ్యాక కాపలా పిల్ల బెంచివైపు చూసింది. మా ఆయన అరచేత్తో సైగ చేశారు, అలాగే ఉండు అని. ఆయన బుడ్డి మోకాలినే చూస్తున్నారు. ఐదోసారి కాలు పట్టుతప్పుతుంది కదా. ఐదోసారి తప్పలేదు. ఆరోసారి తప్పలేదు. మొదటి సగం అయ్యేసరికి బుడ్డి పంతొమ్మిది పాయింట్లు వేసింది, పైపులు పదకొండు ముందున్నారు. విరామం తర్వాత కూడా ఆయన ఎత్తు మార్చలేదు. అలిసిపోతుంది, ఇప్పుడు పడుతుంది, ఇదిగో ఇప్పుడు. టైమవుట్లో ఆయన పెదవులు కదులుతుంటే నాకు ఇక్కణ్ణుంచే అర్థమైంది. "ఇంకో రెండు నిమిషాలు. ఆగిపోతుంది. నాకు తెలుసు."

ఒకసారి బుడ్డి బంతి వేసి వెనక్కి వస్తూ ఆయన ముందునుంచే వచ్చింది. కావాలని. గీత పక్కన, మూరెడు దూరంలో. ఎడమ మోకాలి మీద అరచేత్తో రెండుసార్లు తట్టుకుంది, గుర్రాన్ని తట్టినట్టు.

మూడో క్వార్టర్ చివర్లో ఆయన కోర్టుకి వీపు పెట్టి గ్యాలరీ వైపు తిరిగారు. వరసలన్నీ వెతుక్కుంటూ వచ్చి నా దగ్గర ఆగారు. నేను సీసా మూత తీసి రెండు గుక్కలు నీళ్ళు తాగి, అమ్మకిచ్చాను. ఆయన మళ్ళీ తిరిగిపోయారు. అప్పుడు ఎత్తు మార్చారు. అప్పటికి ఇరవై రెండు తేడా.

పైపులు గెలిచారు. బుడ్డి ముప్పై నాలుగు వేసింది. అందులో ఇరవై ఎనిమిది ఎడమ వైపునుంచే.

నేను ఇంటికి వెళ్ళేసరికి ఆయన లైటు వెయ్యకుండా సోఫాలో కూర్చుని ఉన్నారు. సాయంత్రం ఏడు దాటిందంతే. లైటు వేశాను.

"ఎడమ వైపు తిరగలేదన్నావు," అన్నారు.

"అన్నాను."

"ఎందుకలా చెప్పావు?"

"ఆ మోకాలు పనికిరాదని నేనన్నానని నువ్వే కదా క్లబ్బుకి చెప్పావు. అదే మాట నీకూ చెప్పాను."

ఎనిమిదేళ్లలో మొదటిసారి నువ్వు అన్నాను. ఇద్దరం గమనించాం. నేను లోపలికి వెళ్ళి బట్టలు సర్దుకున్నాను. చెప్పుకోదగ్గ గొడవేమీ జరగలేదు. సూట్‌కేసు చక్రం గుమ్మంలో ఇరుక్కుంటే అతనే లేచొచ్చి తప్పించాడు. థాంక్స్ అన్నాను.

బుడ్డి వాళ్ళింట్లో పండగలా ఉంటుందనుకున్నాను. బుడ్డి మోకాలి మీద ఐసు పెట్టుకుని, ఒక్కతే కూర్చుంది. అమ్మ వంటింట్లో ఉంది.

"ఆ ఖాళీ ఎందుకొదిలాడక్కా?" అంది నా సూట్‌కేసు చూస్తూ. "పిచ్చివాడు కాదు కదా. తొమ్మిదేళ్లు అతని కిందే ఆడాను. అలాంటి తప్పు చెయ్యడు."

చెప్పాను. మూతల సంగతి కూడా.

సంతోషిస్తుందనుకున్నాను. ఐసు సంచి తీసి నేలకేసి కొట్టింది.

"నా ఆటలో నువ్వెందుకు వేలు పెట్టావు? తలుపు వేసి ఉన్నా పగలగొట్టుకుని వెళ్ళేదాన్ని. నాలుగు నెలలు చెయ్యి కట్టేసుకున్నది దానికే. నువ్వు తలుపు తీసి పెట్టావు. ఇప్పుడెలా తెలుస్తుంది నాకు, నేను గెలిచానా, నువ్వు గెలిపించావా?"

"నీకొక్కదానికేనా అన్యాయం జరిగింది?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ కాగితంలో నీ పేరుంటే నీ మోకాలి గురించే. నా పేరు పెట్టి అబద్ధం రాయించాడు. ఇరవయ్యేళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరు. నా పేషెంటుని నా మాటతోనే చంపించాడు. నీది నువ్వు తీర్చుకున్నావు. నాది నేను తీర్చుకున్నాను."

బుడ్డి నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. చిన్నప్పటినుంచీ గొడవపడేది ఆమె, సర్దిచెప్పేది నేను.

వంటింట్లోంచి అమ్మ తొంగిచూసింది. "ఐసు నీళ్ళు గచ్చంతా అయ్యాయి. కొట్టుకోవడం అయిపోతే ఎవరో ఒకరు తుడవండి."

ఇద్దరం కలిసే తుడిచాం. పగ తీరిందా అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మూడు రోజుల తర్వాత ఫైనల్లో పైపులు ఇరవై పాయింట్లతో ఓడిపోయారు. బుడ్డి తొమ్మిది వేసింది. ఓడినందుకు మీటర్ల కెప్టెన్ ఏడ్చింది గానీ బుడ్డి ఏడవలేదు. ఆమెకి కావాల్సిన మ్యాచి అయిపోయింది.

ఆ తర్వాతి వారం పాత క్లబ్బు చైర్మన్ స్వయంగా బుడ్డి ఇంటికొచ్చాడు. పూలగుత్తి తెచ్చాడు. అమ్మ దాన్ని తీసుకుని, నీళ్ళు పొయ్యకుండా, చెప్పుల అరమీద పెట్టింది.

"పొరపాటు జరిగిందమ్మా," అన్నాడు. "కోచ్ మాట నమ్మాం. ఆయన్ని ఈ నెలాఖరుకి పంపించేస్తున్నాం. నువ్వు వెనక్కి రావాలి. కెప్టెన్సీ నీదే."

బుడ్డి అతనికి టీ కప్పు అందించింది. "నేను రానండీ. నీళ్ళ ఆఫీసులో బాగానే ఉంది."

"ఆలోచించుకో."

"ఆలోచించాను. ఒక్కటి మాత్రం అడుగుతాను. నా మూలంగా బావని తియ్యకండి. ఇంకో రెండేళ్లు ఉంచండి. నేను అడిగినట్టు ఆయనకీ చెప్పండి."

చైర్మన్ కళ్ళు చెమర్చాయి. ఇంత జరిగాక కూడా ఇలాంటి మాట అన్నావంటే నువ్వు మామూలు మనిషివి కాదమ్మా అన్నాడు. అలా చేస్తే ఎప్పటికైనా తన దగ్గరికి వస్తుందన్న ఆశ కూడా ఉండే ఉంటుంది. రెండేళ్లు ఉంచుతానని మాటిచ్చి వెళ్ళాడు.

అతని కారు కదిలాక నేను అడిగాను. "ఏమిటే ఇది? జాలా?"

బుడ్డి కప్పులు తీస్తోంది.

"వాళ్ళు తీసేస్తే వేరే ఊరు పోతాడక్కా. అక్కడికి వెళ్ళి మనిద్దరం కలిసి మోసం చేశామని నలుగురికీ చెప్పుకుని హాయిగా బతుకుతాడు. వద్దు. ఇక్కడే ఉండాలి. ప్రతి సీజనులో నేను ఆడుతుంటే గీత అవతల నిలబడి చూడాలి. ఈసారి నువ్వేం చెప్పకు. అన్ని తలుపులూ వేసుకోనీ."

నెల తర్వాత అతను నా క్లినిక్కుకి వచ్చాడు. మధ్యాహ్నం, పేషెంట్ల మధ్య. బాగా చిక్కిపోయాడు. నిలబడే మాట్లాడాడు.

"రెండేళ్లకి పొడిగించారు. బుడ్డి చెప్పిందట." "నేను చేసినదానికి ఆ పిల్ల అలా అంటుందని కలలో కూడా అనుకోలేదు. ఎంత మంచి మనసు దానిది. నాకు సిగ్గుగా ఉంది."

నిజంగానే సిగ్గుపడుతున్నాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. అతనికి నిజం చెప్పాలని ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది. ఒప్పందం చింపేసి, దొరికిన బస్సెక్కి, ఎక్కడికైనా వెళ్ళి బతకమని. ఎనిమిదేళ్లు పక్కన పడుకున్న మనిషికి ఆ మాత్రం చెప్పొచ్చు.

"ఇంటికెప్పుడొస్తావు?" అన్నాడు.

"కొత్త సీజన్ ఎప్పుడు?"

నేను ఆట సంగతి అడిగేసరికి అతని ముఖం కాస్త వెలిగింది. "ఐదు నెలలుంది. మొదటి మ్యాచే మీ చెల్లెలితో. మా హాల్లోనే."

"అయితే బాగా తయారవ్వు," అని, తర్వాతి పేషెంటుని లోపలికి పిలిచాను.